తొమ్మిదో వార్డు పుట్టినరోజులు

"టోకెన్ నంబర్ నలభై ఏడు."

ఎవరూ లేవలేదు.

"టోకెన్ నంబర్ నలభై ఏడు, కౌంటర్ మూడు."

స్పీకర్లోని ఆడగొంతుకి కోపం రాదు, విసుగు రాదు. మూడోసారీ అంతే మర్యాదగా పిలిచింది. వెనక వరసలోని ముసలమ్మకి మాత్రం విసుగొచ్చి, పక్క కుర్చీలో కూర్చున్న పెద్దమనిషిని మోచేత్తో పొడిచింది. "అయ్యా, మిమ్మల్నే! లేవండి, లేకపోతే నా నంబరూ పోతుంది."

ఆయన లేవలేదు. మెల్లగా పక్కకి ఒరిగి, ముసలమ్మ ఒళ్ళో పడ్డాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

ఉదయం తొమ్మిదీ పది. పౌరసేవా కేంద్రం. ఆకుపచ్చ రంగు పెచ్చులూడుతున్న గోడలు, వాటి మీద కొత్తగా అంటించిన నవ్వు ముఖాల పోస్టర్లు. చనిపోయినాయన రిటైరైన రికార్డు రూమ్ గుమాస్తా. ముప్ఫై నాలుగేళ్ళు జనన మరణ రిజిస్టర్లతోనే కాపురం చేసిన మనిషి. ఆయన చేతిలో స్వదస్తూరీతో రాసిన అర్జీ ఉంది. విషయం: నేను బతికే ఉన్నానని నమోదు చేయుట గురించి.

సోమవారం నాడు కొత్త పోర్టల్ ట్రయల్ రన్‌లో ఆయన చనిపోయినట్టు చూపించింది. బుధవారం ఆయన చనిపోయాడు. లోకంలో ఎక్కడైనా రికార్డు తప్పయితే రికార్డును దిద్దుతారు. ఇక్కడెవరో మనిషిని దిద్దారు.

*

కళ్ళజోళ్ళ షాపు కౌంటర్ వెనకున్నాయన తల ఎత్తకుండానే అడిగాడు. "దూరం చూపా, దగ్గర చూపా?"

"రెండూ మసకే. దీపం ఉందా?"

"లోపలుంది. వెళ్ళండి."

లోపలికి వెళ్ళినవాణ్ణి నిఘా డిపార్ట్‌మెంట్‌లో ముంగి అంటారు. నలభై దాటిన వయసు, నలుగురిలో కలిసిపోయే ముఖం. నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు ఉంటాడు. కొరికించుకున్నవాళ్ళలో ఆ సంగతి చెప్పడానికి ఎవరూ మిగల్లేదు.

అద్దాలు అరగదీసే మెషిన్ పక్కన పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఈ చీఫ్ కూర్చుని ఉండగా ముంగి ఎన్నడూ చూడలేదు.

"ఒకే కిటికీ పోర్టల్ తెలుసుగా?"

"తెలుసు సార్. పుట్టుక, చావు, ఇల్లు, పింఛను, ఆసుపత్రి, అన్నీ అందులోనే."

"ఈ మధ్యాహ్నం పన్నెండుకి గో-లైవ్. ప్రభుత్వాధినేత స్టేజి మీద బటన్ నొక్కుతారు. నొక్కగానే డేటా ఫ్రీజ్. ఆ క్షణం నుంచి అందులో ఏముంటే అదే చట్టం."

"పాత రిజిస్టర్లు?"

"నిన్ననే లారీలెక్కాయి. ఈపాటికి కాగితపు మిల్లులో గుజ్జయిపోయి ఉంటాయి."

"తప్పులుంటే?"

"దిద్దుబాటుకి తొంభై రోజులు. అదీ మనిషి స్వయంగా వచ్చి, పనిచేసే కార్డు చూపించి అప్లై చేసుకోవాలి."

"చచ్చాడని రాసుంటే కార్డెలా పనిచేస్తుంది సార్?"

"నేనూ అదే అడిగా. కంప్లయింట్ నంబర్ ఇచ్చారు."

పెద్దాయన నవ్వలేదు. బల్ల మీద ఒక ఫోటో పెట్టాడు. చనిపోయిన గుమాస్తా కుడి బొటనవేలు. దాని మధ్యలో ఆవగింజంత నల్లటి చుక్క.

"విషం. సెంటర్లో ఒక మూల 'బతికున్నట్టు నిర్ధారణ' అని వేలిముద్ర మెషిన్ పెట్టారు. ఈయన వెళ్ళి వేలు పెట్టాడు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. మనవాళ్ళు వెళ్ళేసరికి గోడకి నాలుగు స్క్రూ రంధ్రాలున్నాయి, మెషిన్ లేదు."

"కోయిల ముఠా."

"వాళ్ళే."

ఆ పేరు పెట్టింది పెద్దాయనే. కోయిల తన గుడ్లను కాకి గూట్లో పెడుతుంది. ఈ విదేశీ ముఠా తన మనుషుల్ని పరాయి దేశపు రికార్డుల్లో పెడుతుంది. గూట్లో చోటు కావాలంటే ముందు కాకి గుడ్డు కింద పడాలి.

"మూడువందల పన్నెండు మంది. మన పౌరుల్లో అంతమందిని కాగితం మీద చంపి, వాళ్ళ నంబర్లు తమవాళ్ళకి ఇచ్చేశారు. పన్నెండు దాటితే ఆ మూడువందల పన్నెండుమందికీ పాస్‌పోర్టు, ఓటు, పవర్ స్టేషన్లో ఉద్యోగం, పోర్టులో తాళంచెవులు. అన్నీ చట్టప్రకారమే."

"ఎవరెవరో తెలీదా?"

"నలభై లక్షల పేర్లున్నాయి. సంఖ్య మాత్రం 'సంపెంగ' పంపింది. పేర్లు వెతుకుతోందట."

సంపెంగ అంటే మైగ్రేషన్ హెడ్. పాత డేటాని కొత్త పోర్టల్‌లోకి ఎక్కించే ప్రైవేటు కన్సల్టెంట్. పైకి ముఠాకి అమ్ముడుపోయినట్టు నటిస్తూ, ఏడాదిగా ఈ షాపుకి కబుర్లు చేరవేస్తున్న డబుల్ ఏజెంట్.

"ఆవిణ్ణి నమ్మొచ్చా సార్?"

"వరదలో అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న పిల్ల. మీ తొమ్మిదో వార్డే. అందుకే తీసుకున్నా." పెద్దాయన అర్జీ కాగితం వెనక్కి తిప్పాడు. "ఇది చూడు. పోయినాయన ఇక్కడో ముక్క రాసుకున్నాడు."

వణికే అక్షరాల్లో ఒకే వాక్యం ఉంది. 'తొమ్మిదో వార్డువాళ్ళకి పుట్టినరోజులెక్కడివి?'

"అర్థమైందా?"

"లేదు సార్. గో-లైవ్ ఆపించలేమా?"

"అడిగాను. ఒక ముసలి గుమాస్తాకి గుండె ఆగితే ఫంక్షన్ ఆపుతామా అన్నారు. డేటా మార్చాలంటే రెండు వేలిముద్రలు కావాలి. ఒకటి సంపెంగది. డిపార్ట్‌మెంట్ తరఫున రెండోది నీది ఎక్కించాం." ఒక నల్ల కళ్ళజోడు తీసి చేతికిచ్చాడు. "అంచుల్లో సన్నని అద్దాలున్నాయి. వెనకేం జరుగుతోందో కనిపిస్తుంది. ఈ పూటకి నీ ఆయుధం ఇదే."

*

యూపీఎస్ మెకానిక్ నీలం యూనిఫాంలో ముంగి వ్యాన్ నడుపుతుండగా ఫోన్ మోగింది. అక్క.

"ఒరేయ్ తమ్ముడూ, ఓ వింత విన్నావా? నేను పోయానట!"

ముంగి బ్రేక్ మీద కాలేశాడు. వెనక కారువాడు హారన్ మోగించి తిట్టుకుంటూ పోయాడు.

"ఎవరన్నారక్కా?"

"డయాలసిస్ సెంటర్లో పిల్ల. మధ్యాహ్నం పన్నెండున్నరకి నా వంతు కదా, పొద్దున్నే ఫోన్ చేసింది. 'పెద్దమ్మా, కొత్త పోర్టల్లో మీరు చనిపోయినట్టుంది, పన్నెండు తర్వాత అప్రూవల్ రాకపోతే మెషిన్ తెరుచుకోదు' అంది. పోనీలే, దినం ఎప్పుడో కూడా అందులోనే చూసి చెప్పమ్మా అన్నాను." అక్క గలగలా నవ్వింది. ఆ నవ్వు చివర ఆయాసం వినిపించింది. "సేవా కేంద్రానికెళ్ళి ఏదో మెషిన్ మీద వేలు పెడితే సరిపోతుందట. బయల్దేరుతున్నా."

"వద్దు!" ముంగి అరిచేశాడు. "ఎక్కడా వేలు పెట్టకు. ఎవరు చెప్పినా సరే."

"అన్నిట్లో వేలు పెట్టడం నీ అలవాటు గానీ నాదా? ఎందుకురా ఆ కేకలు?"

"నేను చూసుకుంటా. నువ్వు తిన్నగా ఆసుపత్రికి వెళ్ళి కూర్చో."

అమ్మ పోయాక తనను పెంచింది ఈ అక్కే. రెండు రోజులకోసారి ఆ మెషిన్ ఎక్కితేనే ఆమెకు మూడో రోజు. మొన్న ఒక విడత తప్పింది. ఇవాళ కూడా తప్పితే ఏమవుతుందో డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. తొంభై రోజులు కాదు, తొమ్మిది రోజులు కూడా ఆగదు.

ముఠా ఎలాంటివాళ్ళను ఎంచుకుంటుందో అప్పుడు తెలిసింది అతనికి. నా అన్నవాళ్ళు లేనివాళ్ళను. అడిగే దిక్కు లేనివాళ్ళను. అక్క ఇంటి కార్డులో ఒక్క పేరే ఉంది. ఎందుకంటే తను ఉద్యోగంలో చేరిన రోజున డిపార్ట్‌మెంట్ తమ్ముడి పేరు కొట్టేసింది. దగ్గరుండి కొట్టేయించుకున్నది తనే. అక్కను ఒంటరిదాన్ని చేసి ముఠా చేతికి అప్పగించింది తనే. ఛీ, ఏం బతుకిది అనుకున్నాడు.

గుమాస్తా రాసిన ముక్క గుర్తొచ్చింది.

"అక్కా, మనిద్దరి పుట్టినరోజూ జనవరి ఒకటి ఎందుకు?"

"ఇప్పుడా ఆ ప్రశ్న? అమ్మకి టైమ్ సెన్స్ ఎక్కువని చెప్తుంటాగా."

"నిజం చెప్పు."

"వరదలో మన వార్డు రిజిస్టర్లు కొట్టుకుపోయాయి కదరా. ఓ గుమాస్తా ఇంటింటికీ తిరిగి మళ్ళీ రాశాడు. ఏడాదంటే ఎలాగో చెప్పారు గానీ తేదీలు ఎవరికి గుర్తు? ఆయనా విసిగిపోయి వార్డు మొత్తానికీ జనవరి ఒకటి వేసేశాడు. మనవాళ్ళు కేకులు కొనుక్కోవాలంటే బేకరీ చాలదు. ఒక్కడికి కూడా వేరే తేదీ ఉండదు."

"ఒక్కడికి కూడానా?"

"వరద ముందు పుట్టినవాళ్ళకి ఉండదు. ఎందుకురా?"

"ఏం లేదక్కా. జాగ్రత్త."

ముంగి యాక్సిలరేటర్ తొక్కాడు. వరదలో రిజిస్టర్లు పోయాయి కాబట్టే ముఠా ఆ వార్డును ఎంచుకుంది. సరిపోల్చుకోవడానికి పాత కాగితం ఉండదు. ఎక్కడో పరాయి దేశంలో చల్లని గదిలో కూర్చుని, తమవాళ్ళకు ముచ్చటగా రకరకాల తేదీలు వేసుకుంది. ఒక గుమాస్తా విసుగుపుట్టి చేసిన తప్పు సంగతి వాళ్ళకు తెలియదు. ఆఫీసుల్లో అది తెలిసిన ఒకే ఒక్క మనిషి ఇవాళ పొద్దున టోకెన్ పట్టుకుని చనిపోయాడు.

*

పదకొండూ ముప్ఫై అయిదు. మైగ్రేషన్ హాల్లో వంద కంప్యూటర్లు వెలుగుతున్నాయి, మనుషులెవరూ లేరు. డేటా ఎంట్రీ అమ్మాయిలంతా కింద మైదానంలో ఫంక్షన్‌కి వెళ్ళారు. గోడ మీద టీవీలో ఎవరో స్వాగతోపన్యాసం దంచుతున్నారు.

అద్దాల క్యాబిన్‌లోంచి ఆమె వచ్చింది. నల్ల కోటు, చెవులకు ముత్యాలు, చూసినవాడు అడుగు తడబడే అందం.

"చల్లదనం సరిపోతోందా మేడమ్?" అన్నాడు ముంగి.

"సర్వర్లకి సరిపోతోంది. మనుషులకే ఎక్కువైంది." కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "మీరేనా? ఆలస్యం చేశారు. పేర్లు ఇంకా దొరకలేదు. నలభై లక్షల్లో ఏమని వెతకను?"

"నా దగ్గర ఒక దారి..." అంటూ క్యాబిన్‌లో అడుగుపెట్టిన ముంగి మాట మధ్యలోనే మింగేశాడు.

ఆమె కుర్చీకి గులాబీ రంగు బెలూన్లు కట్టి ఉన్నాయి. బల్ల మీద సగం కోసిన కేకు. అమ్మాయిలు రంగు పెన్నులతో రాసిన కార్డు: 'హ్యాపీ బర్త్‌డే మేడమ్!'

"ఈ పిల్లలకి పనీపాటా లేదు." ఆమె నవ్వింది. "హెచ్.ఆర్. ఫైల్లో తేదీ చూసి పట్టుకున్నారు. కొంచెం కేకు తినండి."

"స్వీటు పడదు మేడమ్. మీరు వరద ముందే పుట్టారనుకుంటా?"

"అయిదేళ్ళ పిల్లని అప్పటికి. అమ్మ చేయి జారిపోవడం ఇంకా కళ్ళకు కట్టినట్టుంటుంది." ఆమె కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. అబ్బ, ఏం నటన! ముంగికి ఒక్క క్షణం చప్పట్లు కొట్టాలనిపించింది. ఆ వెంటనే, చేయి జారిపోబోతున్న తన అక్క గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

"ఏదో దారి అన్నారు?"

"కంప్యూటర్ ఒకసారి ఇస్తారా?"

ఇవ్వక తప్పలేదు ఆమెకు. ముంగి కూర్చున్నాడు. ఆమె వెనక నిలబడింది. టీవీలో ప్రభుత్వాధినేత మైకు ముందుకొచ్చారు. "ఇకపై పౌరుడు ఆఫీసుల చుట్టూ తిరగనవసరం లేదు. ప్రభుత్వమే పౌరుడి గుమ్మం ముందుకొస్తుంది!" మైదానం హోరెత్తింది.

ముంగి మెల్లగా టైప్ చేశాడు. వార్డు: తొమ్మిది. పుట్టిన ఏడాది: వరదకు ముందు. పుట్టిన తేదీ: జనవరి ఒకటి కానిది.

ఎంటర్ కొట్టాడు.

తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది.

ఫలితాలు: 312.

వెనక ఊపిరి ఆగిన చప్పుడు వినిపించింది. ప్రతి పేరు పక్కనా, ఆ నంబరు ఒకప్పుడు ఎవరిదో ఉంది, దాని ఎదుట 'మరణం' అని ఉంది. నాలుగో వరసలో గుమాస్తా. పంతొమ్మిదో వరసలో అక్క. ఇరవై ఎనిమిదో వరసలో, ఎవరో మంత్రసాని నంబరు మీద, వెనక నిలబడ్డ ఆమె పేరు.

ముంగి కదల్లేదు. కళ్ళజోడు అంచులోంచి చూశాడు. ఆమె తన తోలు సంచీ మీదికి వంగింది. లోపల్నుంచి వేలిముద్ర మెషిన్ ఒకటి తీసింది. దాని వెనక నాలుగు స్క్రూలు, వాటికి అంటుకున్న ఆకుపచ్చ రంగు పెచ్చులు. బల్ల మీద రెండు మెషిన్లున్నాయి. కుడివైపుది ఆమెది. ఎడమవైపుదాన్ని మెత్తగా తప్పించి, సంచీలోది అక్కడ పెట్టింది.

"అద్భుతం!" ఆమె గొంతు తేనెలా పలికింది. "ఎలా పట్టుకున్నారు? సరే, టైమ్ లేదు. వీటిని ఏం చేద్దాం?"

"డిలీట్ చేస్తే కోర్టు ఆర్డర్ అడుగుతుంది. పెండింగ్‌లో పెడదాం. పెండింగ్‌లో పడితే నంబరు మళ్ళీ పాత యజమానికి పోతుంది." ముంగి లిస్టు మొత్తాన్ని ఎంచి బటన్ నొక్కాడు. ప్రభుత్వాలు కనిపెట్టినవాటిలో ఇంతకు మించిన ఆయుధం లేదు. కత్తి పడినవాడైనా ఎప్పుడో లేస్తాడు గానీ పెండింగ్‌లో పడినవాడు లేచిన దాఖలా లేదు.

"రెండు వేలిముద్రలు కావాలి. ముందు మీది పెట్టండి." ఎడమవైపు చూపించింది.

పదకొండూ యాభై ఎనిమిది.

ముంగి కుర్చీ తిప్పి లేచి నిలబడ్డాడు. "హ్యాపీ బర్త్‌డే మేడమ్."

"ఇప్పుడెందుకది?"

"మా వార్డులో ఎవరికీ పుట్టినరోజు ఉండదు. జనవరి ఒకటి తప్ప. మీకు ఎవరూ చెప్పలేదు పాపం."

ముఖంలో ఏమీ మారలేదు. కళ్ళు మాత్రం ఎడమవైపు మెషిన్ మీదికి వెళ్ళి వచ్చాయి.

"మీరు సంచీ సర్దుకుంటున్నప్పుడు నేనూ ఊరికే కూర్చోలేదు," అన్నాడు ముంగి నెమ్మదిగా. "రెండు మెషిన్లూ అటుదిటు మార్చేశా. మీ వేలే ముందు పెట్టండి. మీ వైపుదే, కుడిచేతి దాని మీద."

ఆమె కుడివైపు మెషిన్‌ను చూసింది. పెదవుల మీది రంగు తప్ప ముఖంలో మరే రంగూ మిగల్లేదు. చటుక్కున కేకు కోసిన కత్తి అందుకుంది. ముంగి ముంజేతి మీద పడింది వేటు. నీలం చొక్కా ఎర్రబడింది. అతను వదల్లేదు. ఆమె మణికట్టు పట్టి బల్ల మీదికి వంచాడు.

"వద్దు! వేలు వద్దు! ప్లీజ్!"

"పొద్దున ఆ గుమాస్తాకి ఈ మాట అనే అవకాశం కూడా ఇవ్వలేదు మీరు."

టీవీలో జనం లెక్కపెడుతున్నారు. పది. తొమ్మిది. ఎనిమిది.

ఆమె బొటనవేలు కుడివైపు మెషిన్ మీద నొక్కుకుంది. ఆమె గట్టిగా కళ్ళు మూసుకుంది. తెర మీద ఆకుపచ్చ టిక్ వెలిగింది.

ఆరు. అయిదు.

ముంగి రక్తం కారుతున్న వేలిని చొక్కాకి తుడిచాడు. అదే మెషిన్ మీద పెట్టాడు. ఎర్ర గుర్తు. 'వేలు తడిగా ఉంది. దయచేసి మళ్ళీ ప్రయత్నించండి.'

నాలుగు. మూడు.

ప్యాంటుకి రాసి మళ్ళీ పెట్టాడు. అక్కా అనుకున్నాడు, అంతే, వేరే ఏమీ అనుకోలేదు.

రెండు.

టిక్. '312 దస్త్రాలు: పెండింగ్.'

ఒకటి. మైదానంలో బాణాసంచా పేలింది.

ఆమె కళ్ళు తెరిచింది. వేలు చూసుకుంది. చుక్క లేదు. సూది లేదు. "మార్చానన్నావు..."

"మార్చలేదు మేడమ్. మార్చే టైమెక్కడిది?"

లిఫ్ట్ రిపేరువాళ్ళ వేషంలో ఉన్న నలుగురు పెద్దాయన మనుషులు తలుపు తోసుకుని వచ్చి ఆమెను తీసుకుపోయారు. ముంగి మళ్ళీ తెర వైపు చూశాడు. నాలుగో వరసలో గుమాస్తా పేరు ఎదుట 'సజీవం' అని మారింది. ఆయన అర్జీ మంజూరైంది.

*

పన్నెండూ నలభై అయిదు. డయాలసిస్ వార్డులో మెషిన్ గుయ్యిమంటోంది. సన్నని గొట్టాల్లో అక్క రక్తం బయటికి పోయి మళ్ళీ ఇంటికొస్తోంది. తెల్లని దుప్పటి మీద ఆమె చేయి చిక్కిపోయి ఉంది. ముంగి ఆ చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"ఆ కట్టేమిట్రా?"

"అద్దం పగిలిందక్కా, షాపులో."

అక్క ఫోన్ మోగింది. మెసేజ్. కళ్ళజోడు సర్దుకుని పైకే చదివింది. "'మీరు సజీవంగా ఉన్నట్టు నమోదైంది. మా సేవ ఎలా ఉంది? అయిదు నక్షత్రాల్లో తెలపండి.' పోనీ, బతికించారు కదా, మూడిస్తా." నొక్కింది. తమ్ముడి వైపు తిరిగింది. "ఏం జరిగిందటరా అసలు?"

"మన వార్డు లిస్టులో జనవరి ఒకటి కాని తేదీలు కొన్ని దొర్లాయట. వాళ్ళని పెండింగ్‌లో పెట్టేసరికి మిగతావి సర్దుకున్నాయి."

"ఈ సంగతులన్నీ కళ్ళజోళ్ళ షాపులో చెప్తారా?"

"పేపరు చదివే కస్టమర్లు వస్తుంటారుగా."

అక్క అతని ముఖం కాసేపు తేరిపార చూసింది. అడగకుండా ఉండటం ఆమెకు ఇరవై ఏళ్ళ అలవాటు. మెషిన్ ఒకసారి కూత పెట్టి, మళ్ళీ తన పనిలో పడింది.

"అక్కా, నేను నిజంగా ఏ రోజు పుట్టానో నీకు గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు? అమ్మకి నొప్పులొస్తే వానలో పరిగెత్తి మంత్రసానిని పిలుచుకొచ్చింది నేనేగా. తేదీ, వారం, గంటతో సహా గుర్తుంది."

"చెప్పు మరి."

"చెప్పను," అంది అక్క కళ్ళు మూసుకుంటూ. "చెప్తే నిన్నూ పెండింగ్‌లో పెడతారు."